బోర్లించిన డప్పులు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది నా మనవరాలితోపాటు, ఆ పిల్ల పలక మీదే. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఒక కాగితం నింపేసరికి పొయ్యిమీద కూర మాడిపోతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, నెమ్మదిగా సాగితే ఓపిక పట్టండి. ఇందులో కొంత ఎలియుద్ చెప్పింది, కొంత మొన్సె చెప్పింది, మిగతాది నేను చూసింది.

బుధవారం పొద్దున, స్టేడియం గ్యాలరీ కిందున్న చిన్న గదిలో, ఎలియుద్ సింత్రోన్ చెక్కమెట్టు అంచున ఎడమకాలి మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. కుడికాలు మడిచి గాలిలో పెట్టాడు. ఎడమ మడమ మెట్టుకి అవతల ఖాళీలో వేలాడుతోంది. పిక్క సాగి మంట పుట్టేదాకా దాన్ని కిందికి దించాడు. తర్వాత అంతే నెమ్మదిగా, ఒళ్ళంతా ఆ ఒక్క కాలి మీదే మోస్తూ, పైకి లేచాడు. ఫిజియో ఇవెలిస్సె నేలమీద గొంతుక్కూర్చుని, అతని మడమ వెనక నరానికి రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. నరం ఎలా కదులుతోందో ఆవిడకి వేళ్ళే చెప్పాలి.

"గోడ పట్టుకోకు," అంది కళ్ళు తెరవకుండానే.

"పట్టుకోలేదు."

"చిటికెనవేలు ఆనిస్తున్నావు. నీ పిక్క చెబుతోంది నాకు."

ఎలియుద్ నవ్వి వేలు తీసేశాడు. మళ్ళీ దిగాడు, మళ్ళీ లేచాడు. కిందటి ఏడు ఇదే గదిలో ఇదే మెట్టు మీద రెండు చేతులతో గోడని కావలించుకుని కూడా మడమ లేపలేక ఏడ్చిన మనిషి. ఇప్పుడు లేస్తుంటే చొక్కా వీపుకి అంటుకుపోయిందిగానీ కాలు వణకలేదు. ఇవెలిస్సె వేళ్ళు తీసి, చేతులు తుడుచుకుని లేచింది.

"శనివారం ఆడు. కోచ్‌కి చెప్పాను. కాసేపు ఆడటం, కాసేపు కూర్చోవడం. నేను చెయ్యెత్తితే వచ్చి కూర్చోవాలి, మొహం మాడ్చుకోకుండా."

"మాడ్చుకుంటే?"

"మాడ్చుకునే కూర్చో."

ఎలియుద్ బల్లమీద కూర్చుని మేజోడు తొడుక్కుంటూ, మడమ వెనక నిలువుగా ఉన్న కోత మచ్చని బొటనవేలితో రాశాడు. కింద నరం కుడికాలి దానికంటే లావుగా, ముడులు పడ్డ తాడులా తగిలింది. "ఇంత గట్టిదాన్ని తెగ్గొట్టాడంటే వాడెంత బలంగా తన్నాడో చూడు," అన్నాడు.

"నీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఈ నరం తెగిన ప్రతివాడూ వెనక నుంచి ఎవరో తన్నారనే అంటాడు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు."

"నేను తిరిగి చూస్తే ఒకడున్నాడు."

ఇవెలిస్సె చెక్కమెట్టుని కాలితో గోడవారకి నెట్టింది.

బయటికొచ్చి అతను ఎప్పటిలాగే ఎనెయిదా బేకరీకి నడిచాడు. మా ఊరు పెన్యాల్తాలో రోడ్లన్నీ ఎత్తుపల్లాలే. ఇన్నాళ్ళూ ఆ ఎత్తు ఎక్కేటప్పుడు పక్కకి తిరిగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ ఎక్కేవాడు. ఇవాళ మునివేళ్ళతో నేలని నెడుతూ ఎక్కాడు. ఎవరైనా చూస్తున్నారేమో అని చూశాడు. అందరూ చూస్తున్నారు.

"శనివారం నిజమేనా ఎలీ?" బేకరీ లోపలి నుంచే అరిచింది ఎనెయిదా.

"నిజమే డోన్యా ఎనెయిదా." మా వైపు పెద్దవాళ్ళని డోన్, డోన్యా అనే పిలుస్తారు.

"అయితే కాలు చూపించు."

కుర్చీ మీద కాలుపెట్టి మేజోడు కిందికి లాగాడు. రొట్టెల కోసం నిలబడ్డ వాళ్ళంతా వంగి చూశారు. ఒక ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, "మన ఊరి రోడ్డు కంటే బాగానే అతికించారు," అన్నాడు. ఎనెయిదా వేడి రొట్టె కాగితంలో చుడుతూ పాట అందుకుంది.

వెనక నుంచి తన్నినా – మా ఎలి పడిపోడు
మడమ తెగినా మా గద్ద – ఎగరక మానదు

అది ఎలియుద్ పాట. మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు పేరు గద్దలు. ఆటకి ముందు ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పిలిచిన ప్రతివాడికీ గ్యాలరీలో మొన్సె బృందం డప్పులు కొట్టి, ఊరి సంగతులు డప్పు మీద కట్టి పాడే ప్లేనా పాట చరణం ఒకటి పాడుతుంది. జనం దాన్ని తిరిగి అందుకుంటారు. ఎవరి చరణం వాళ్ళది, కట్టేది మొన్సె. మా ఊళ్ళో ఆటగాడికి జీతం కంటే ఆ చరణం గొప్ప.

పాట ఆగిపోయింది. గుమ్మంలో నెఫ్తలి బాయెస్ నిలబడి ఉన్నాడు.

కిందటి ఏడు తీరం ఊరి జట్టులో ఆడినవాడు. ఎలియుద్ కూలబడి, వెనక్కి తిరిగి, వేలెత్తి చూపించింది ఇతన్నే. రిఫరీ ఇతన్ని బయటికి పంపాడు. జనం చేతిలో ఉన్నవన్నీ ఇతని మీదికి విసిరారు. ఈ ఏడు యజమానులు ఆటగాళ్ళని అటూ ఇటూ మార్చుకున్నప్పుడు ఇతను మా జట్టుకే వచ్చిపడ్డాడు, ఎలియుద్ ఆడే చోటులోనే. బంతి బాగా నడుపుతాడు. అయినా మా స్టేడియంలో ఇతని పేరు పిలిస్తే డప్పులన్నీ మోకాళ్ళ మీద బోర్లిస్తారు. ఆ నిశ్శబ్దంలో ఇతను కోర్టులోకి నడుస్తాడు. తర్వాత ఈలలు, తిట్లు.

"కాఫీ, డోన్యా ఎనెయిదా," అన్నాడు నెఫ్తలి.

ఎనెయిదా అతని వెనకొచ్చిన వాళ్ళకి ఇచ్చింది. వాళ్ళ వెనకొచ్చిన వాళ్ళకీ ఇచ్చింది. చివరికి అడుగున మిగిలిన చల్లటి కాఫీ కప్పులో పోసి, కప్పు బల్లమీద జరిపింది. నెఫ్తలి నిలబడే తాగాడు. చుక్క మిగల్చకుండా తాగి, కప్పు తనే తీసుకెళ్ళి కడిగే తొట్టి పక్కన పెట్టి, "బాగుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

"సిగ్గులేని మనిషి," అంది ఎనెయిదా.

ఎలియుద్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. తగినశాస్తే అనుకున్నాడు. కానీ ఆ చల్లకాఫీని అతను చివరిదాకా ఎలా తాగాడా అన్నది మాత్రం దారంతా గుర్తొస్తూనే ఉంది.

గురువారం సాయంత్రం ప్రాక్టీసుకి వర్షం పట్టుకుంది. పైకప్పు ఎక్కడెక్కడ కారుతుందో అందరికీ తెలుసు కాబట్టి అక్కడక్కడా బాల్చీలు పెట్టి, ఆ మూల వదిలేసి ఆడుతున్నారు. ఎలియుద్ అందరితో కలిసి, భుజాలు తగిలేలా ఆడటం ఇదే మొదలు. ముందు గోడవార చాలాసేపు తాడాట ఆడాడు. తర్వాత ఒంటికాలి మీద గెంతి, దిగి, దిగినచోటే కదలకుండా నిలబడ్డాడు. ఇవెలిస్సె బెంచీ చివర కూర్చుని అతని మోకాలు లోపలికి వంగుతోందేమోనని చూస్తోంది.

నెఫ్తలి, అతనూ చెరో జట్టులో ఉన్నారు. ఇద్దరి మధ్యా ఆటమాటలు తప్ప మాటల్లేవు. "ఎడమ", "వెనక", "నాకు" అంతే. కాసేపటికి కోచ్ రూపెర్తో నెఫ్తలిని నీళ్ళు తాగమని బెంచీకి పంపించాడు.

ఎలియుద్ గీత దగ్గర బంతి కోసం ఎదురుచూస్తున్నాడు. ముందు టెరెన్స్ ఉన్నాడు. అమెరికా నుంచి జట్టు రప్పించుకున్న పొడగరి, బుట్ట కింద గోడలా నిలబడేవాడు. టెరెన్స్ ఒకడుగు వెనక్కి వేసి, ఆ కాలితోనే నేలని తన్ని ముందుకు ఉరకబోయాడు.

తడిచెక్క విరిగినట్టు చప్పుడైంది. ఒకడు పైకప్పు వైపు చూశాడు. టెరెన్స్ మోకాళ్ళ మీద పడి, చేతులు ఆనించి, గిరుక్కున తల వెనక్కి తిప్పాడు. వెనక ఎలియుద్ ఒక్కడే ఉన్నాడు.

"ఎందుకు తన్నావ్?" అన్నాడు టెరెన్స్. మా భాష అతనికి సగమే వచ్చు. ఆ సగంలోనే మళ్ళీ అడిగాడు. "నేనేం చేశాను నిన్ను? ఎందుకు తన్నావ్?"

"నేను తన్నలేదు," అన్నాడు ఎలియుద్.

"తన్నావ్. బూటు తగిలింది. ఇక్కడ." మడమ పైన చూపించాడు. అతని కళ్ళలో కోపం ఒక్కటే లేదు, నమ్మినవాడు దెబ్బతీస్తే కలిగే బాధ ఉంది.

అందరూ ఎలియుద్ వైపు తిరిగారు. రూపెర్తో ఈల నోట్లోంచి తీశాడు. "ఏంటి ఎలీ, ఏమైంది?"

"ఏం కాలేదు. నేనిక్కడున్నాను. ఇక్కడి నుంచి కదల్లేదు."

"చూసుకోకుండా కాలు తగిలిందేమో."

"తగల్లేదు. ఒట్టు. తగల్లేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎలియుద్‌కి గుర్తొచ్చింది. ఇదే మాట, ఇదే గొంతుతో, ఇదే నేలమీద పడి ఉండగా తను విన్నాడు. పైన వంగి నిలబడి ఎవరో అంటున్నారు: తగల్లేదు. ఒట్టు. తగల్లేదు. అప్పుడు తను ఆ మొహం మీద ఉమ్మబోయాడు.

"అతను తన్నలేదు."

బెంచీ దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. నెఫ్తలి నీళ్ళసీసా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చెయ్యి చాపినా అందనంత దూరంలో ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఎవరూ తన్నలేదు," అని, సీసా మూత తిప్పి నీళ్ళు తాగాడు. ఎలియుద్ వైపు చూడలేదు.

అప్పటికే ఇవెలిస్సె టెరెన్స్‌ని బోర్లా పడుకోబెట్టింది. బాగున్న కాలి పిక్కని అరచేతిలో పట్టి పిండింది. కింద పాదం బొమ్మలా కదిలింది. రెండోకాలి పిక్క పిండింది. పాదం కదల్లేదు. మళ్ళీ గట్టిగా పిండింది. పాదం ఆరేసిన గుడ్డలా వేలాడుతోంది. మడమ వెనక వేలితో రాస్తే, నరం ఉండాల్సిన చోట వేలు లోపలికి దిగిపోయింది.

"నిన్నెవరూ తన్నలేదు బాబూ," అంది ఇవెలిస్సె నెమ్మదిగా.

"తన్నారు," అన్నాడు టెరెన్స్ నేలకి చెంప ఆనించి. "నాకు తెలీదా?"

స్ట్రెచర్ వచ్చి వెళ్ళింది. ప్రాక్టీసు ఆగిపోయింది. బయట షెడ్డు కింద నెఫ్తలి వాన తగ్గుతుందేమోనని నిలబడి ఉన్నాడు. ఎలియుద్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కాసేపు ఇద్దరూ కాలవ పారడం చూశారు.

"నువ్వు చెప్పకపోతే ఈపాటికి అందరూ..."

"నేను చూసింది చెప్పాను."

"ఆ రోజు..."

"ఆ రోజు కూడా చెప్పాను. రిఫరీకి చెప్పాను. మీ కోచ్‌కి చెప్పాను. నిన్ను మోసుకెళ్తుంటే పక్కనే నడుస్తూ నీకూ చెప్పాను." నెఫ్తలి గొంతు పెంచలేదు. "ఇంటికెళ్తే మా అమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. 'నిజం చెప్పు నాయనా, నేనేం అనను, తన్నావా?' అంది. మా అమ్మ."

ఎలియుద్ తల దించుకున్నాడు. "నాకు నిజంగానే తన్ను తగిలింది నెఫ్తలీ. ఒట్టు."

"తెలుసు. ఇవాళ టెరెన్స్ మొహం చూశాగా. అది అబద్ధం చెప్పే మొహం కాదు."

"వీడియో ఎన్నిసార్లు చూశానో. చూసినప్పుడల్లా నీ కాలు నా మడమ మీదికి వచ్చినట్టే కనబడేది. నేనిప్పుడేం చెయ్యను?"

"నాకు చెప్పకు. తన్నలేదని నాకు ముందే తెలుసు." నెఫ్తలి సంచీ నెత్తిమీద పెట్టుకుని వానలోకి నడిచాడు.

శుక్రవారం ఎండ కాసింది. మొన్సె పిన్ని పెరట్లో తీగమీద డప్పులు వేలాడుతున్నాయి. వానకి మేకతోలు మెత్తబడిపోతుంది. ఎండకి ఆరబెట్టి, చుట్టూ ఉన్న మరలు రెంచితో కొద్దికొద్దిగా బిగించుకోవాలి. ఆవిడ ఒడిలో తన చిన్నడప్పు పెట్టుకుని, ఒక మర తిప్పి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకో మర తిప్పుతోంది. ఎలియుద్ తల్లికి చెల్లెలు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఈవిడే.

"కూర్చో. కాలు ఎత్తుమీద పెట్టుకో," అంది. "రేపటికి నీ చరణానికి ఇంకో వరుస కలిపాను. విను."

"పిన్నీ, నన్నెవరూ తన్నలేదు."

రెంచి ఆగింది. "ఏంటి?"

టెరెన్స్ సంగతంతా చెప్పాడు. చప్పుడు, తల తిప్పడం, తనని అడగడం. నెఫ్తలి అడ్డుపడి చెప్పిన మాట కూడా చెప్పాడు. మొన్సె పిన్ని వింటూనే మర తిప్పింది, మీటింది, మళ్ళీ తిప్పింది.

"నేను చూశాను," అంది చివరికి. "ముందు వరసలో ఉన్నాను. ఈ రెండు కళ్ళతో చూశాను."

"ఏం చూశావు?"

"వాడు నీ వెనక ఉన్నాడు. నువ్వు పడ్డావు."

"ఆ రెంటికీ మధ్య?"

మొన్సె పిన్ని మర మీంచి చెయ్యి తీసింది. తీగమీద డప్పుల నీడలు నేలమీద ఊగుతున్నాయి.

"నువ్వు నా వైపు చూసి వాణ్ణి చూపించావురా," అంది. "నువ్వే చూపించావు. నా బిడ్డ చూపిస్తే ఇంక నేనేం చూడాలి?"

"అందుకే వచ్చాను. రేపు ఆ పాట పాడకు. నెఫ్తలికి డప్పు బోర్లించకు."

"అంటే ఏడాది పొడుగునా నేను పాడింది అబద్ధమా?" ఆవిడ లేచి నిలబడింది. "మా నాన్న ఈ డప్పుతో పాడాడు. తుపాను వస్తే పాడాడు, చెరకు మిల్లు మూస్తే పాడాడు. జరిగింది పాడాడు, జరగంది పాడలేదు. నేనూ అంతే. ఇప్పుడు ఊరంతటికీ నోటికొచ్చిన పాటని వెనక్కి తీసుకోమంటావా? నోట్లోంచి వెళ్ళింది తీసుకొచ్చి మళ్ళీ నోట్లో పెట్టుకోవడానికి అదేమన్నా చుట్టముక్కా?"

"తప్పు నాది పిన్నీ, నీది కాదు."

"పాట నాది." రెంచి బల్లమీద పెట్టింది. "వెళ్ళు. రేపు ఆట ఉంది. కాలికి ఐసు పెట్టుకో."

గేటు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది. "ఎలీ. ఊరికి చెబుతావా అయితే? మా గద్ద తనంతట తనే కూలబడిందని? నిన్ను చూడటానికే వస్తున్నారు వాళ్ళు."

"తెలుసు," అన్నాడు ఎలియుద్.

శనివారం స్టేడియం గుమ్మాల దాకా నిండింది. మెట్ల మీద కూడా మనుషులు కూర్చున్నారు. గ్యాలరీ మధ్యలో మొన్సె బృందం పసుపు చొక్కాల్లో ఉంది. పెద్దడప్పు పట్టుకుని డోన్ సెనోన్ ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆయన ఎవరితోనూ మాట్లాడే రకం కాదు, మాట్లాడాల్సిందంతా డప్పు మీదే కొడతాడు.

లోపల గదిలో ఎలియుద్ మడమ కింద మెత్త సర్దుకుని బూటు తాళ్ళు బిగించాడు. విప్పి మళ్ళీ బిగించాడు. అందరూ నడవాలో వరసగా నిలబడ్డారు. కోచ్ రూపెర్తో చివరివాడిగా అతన్ని నిలబెట్టాడు. ఆఖరి పేరు అతనిదే, ఊరు దానికోసమే ఏడాదిగా కాచుకుని ఉంది. అతని ముందు నెఫ్తలి ఉన్నాడు. మెడ వెనక చెమట పట్టింది, భుజాలు మాత్రం నిటారుగా ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలోకి ప్రతిసారీ ఇలాగే నడిచేవాడు కాబోలు అనుకున్నాడు ఎలియుద్.

మొదటి పేరు పిలిచారు. డప్పులు మోగాయి, చరణం లేచింది, జనం అందుకున్నారు. రెండో పేరు. మూడో పేరు. ఎలియుద్ వరసలోంచి పక్కకి తప్పుకున్నాడు.

"ఏయ్, ఎక్కడికి?" అన్నాడు రూపెర్తో.

అతను అప్పటికే గ్యాలరీ మెట్లు ఎక్కుతున్నాడు. మునివేళ్ళతో నెడుతూ, ఒక్కొక్క మెట్టు. కింద కోర్టు పక్కనుంచి ఇవెలిస్సె చూసి, "నెమ్మదిగా," అని గట్టిగా అంది. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ముందు నవ్వారు, తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నెఫ్తలి బాయెస్," అని పిలిచారు మైకులో.

డప్పులన్నీ మోకాళ్ళ మీద బోర్లాపడ్డాయి. నెఫ్తలి వెలుగులోకి వచ్చాడు. ఎలియుద్ పసుపు చొక్కాల మధ్యకి చేరి, చెయ్యి చాపాడు. డోన్ సెనోన్ అతని మొహంలోకి ఒకసారి చూశాడు. బోర్లించిన పెద్దడప్పుని తిప్పి అతని చేతిలో పెట్టాడు.

ఎలియుద్ కొట్టాడు.

అంత నిశ్శబ్దంలో ఒక్క డప్పు మోగితే ఎలా ఉంటుందో చెప్పలేను. జనమంతా తలలు తిప్పారు. అతనికి చిన్నప్పటి నుంచీ డప్పు రాదు. మొన్సె ఎంత నేర్పినా చేతులు బంతికే పుట్టాయి. దెబ్బ ఒకటి ముందు పడుతోంది, ఒకటి వెనక పడుతోంది. అయినా ఆపలేదు.

"ఎలీ, వాడికెందుకు కొడుతున్నావయ్యా?" పైవరస నుంచి ఎవరో అడిగారు.

"నన్ను తన్నలేదు కాబట్టి," అన్నాడు ఎలియుద్ కొడుతూనే. "ఎవరూ తన్నలేదు. నా నరం దానంతటదే తెగింది. వాణ్ణి చూపించింది నేను. తప్పుగా చూపించాను."

విన్నవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పారు. వాళ్ళు వెనకవాళ్ళకి చెప్పారు. "ఏమంటాడు?" "తన్నలేదంట." "ఎవరు?" "ఎవరూ తన్నలేదంట." మాట వరస తర్వాత వరస పైకి పాకుతుంటే, కింద అతని డప్పు తప్పులతడకగా మోగుతూనే ఉంది. రెండు ఈలలు లేచి, వాటంతటవే ఆగిపోయాయి. కోర్టు మధ్యలో నెఫ్తలి నిలబడిపోయాడు.

మొన్సె పిన్ని ముందుకి చూస్తూ కూర్చుంది. దవడలు బిగుసుకున్నాయి. ఎలియుద్ ఇంకో దెబ్బ తప్పు కొట్టాడు. ఆవిడ భుజం ఉలిక్కిపడింది. ఇంకోటి. ఆవిడ కళ్ళు మూసుకుంది. మూడోది పడేసరికి ఇంక తట్టుకోలేకపోయింది.

"తాళం తప్పుతున్నావురా," అంది పళ్ళ మధ్యనుంచి. "మా నాన్న కూర్చున్న చోట నిలబడి ఇలాగేనా కొట్టడం? ఊరి పరువు తీస్తావా?"

చిన్నడప్పు తిప్పి ఎత్తింది. సరైన చోట ఒక దెబ్బ వేసింది. రెండోది వేసింది. ఎలియుద్ తడబడి ఆ తాళంలోకి వచ్చిపడ్డాడు. ఆవిడ కుడివైపు చూసింది. ఒక డప్పు లేచింది. ఎడమవైపు చూసింది, మిగతావి లేచాయి. అప్పుడు నిలబడింది. గొంతు మొదట గరగరలాడింది. నోటికి సిద్ధంగా ఏమీ లేదు, నిలబడ్డచోటే కట్టాలి. తాళం రెండుసార్లు తిరిగేదాకా ఊరికే వదిలేసి, మూడోసారి అందుకుంది.

ఊరంతా తిట్టినా – తల దించని వాడు
చల్లకాఫీ తాగినోడు – వీడూ మావాడు

ముందు ఎవరూ అందుకోలేదు. తర్వాత గుమ్మం దగ్గర రొట్టెల బుట్టతో నిలబడ్డ ఎనెయిదా గొంతు ఒంటరిగా వినిపించింది. సగం నవ్వు, సగం ఏడుపు ఆ గొంతులో. ఆ తర్వాత స్టేడియం మొత్తం.

నెఫ్తలి చెయ్యెత్తలేదు. నవ్వలేదు. ఒక మోకాలి మీద కూర్చుని, బాగానే ఉన్న బూటు తాడు విప్పి, మళ్ళీ ముడేసుకున్నాడు. చాలాసేపు వేసుకున్నాడు.

"ఎలియుద్ సింత్రోన్," అని పిలిచారు. ఎలియుద్ డప్పు డోన్ సెనోన్‌కి ఇచ్చేసి మెట్లు దిగసాగాడు. వెనక మొన్సె పిన్ని అతని చరణం ఎత్తుకుంది. మొదటి వరుస పాడలేదు. దాని చోటులో డప్పులు మాత్రం మోగించి, రెండో వరుస పాడింది. మళ్ళీ మొదటిచోట డప్పులే, మళ్ళీ రెండో వరుసే.

మడమ తెగినా మా గద్ద – ఎగరక మానదు

జనం వెంటనే పట్టుకున్నారు. మా ఊరి జనం పాట మారితే నొచ్చుకుంటారుగానీ తాళం పోనివ్వరు.

కాస్త ఆట నడిచాక ఎలియుద్ ని కోర్టులోకి దింపారు. మొదటిసారి బంతి చేతికి వచ్చినప్పుడు కాలు ఒక్క క్షణం ఆలోచించింది. అతను దాని మాట వినకుండా నేలని నెట్టాడు, అది మోసింది. ఇద్దరు అతని మీదికి వచ్చేసరికి ఎడమవైపు చూడకుండానే బంతి వదిలాడు. నెఫ్తలి అక్కడున్నాడు, బుట్టలో వేశాడు. వెనక్కి పరుగెత్తుతూ పక్కనుంచి అన్నాడు:

"డప్పు దరిద్రంగా కొట్టావు."

"తెలుసు."

"పాస్ బాగుంది."

ఇవెలిస్సె చెయ్యెత్తింది. ఎలియుద్ వచ్చి కూర్చున్నాడు, మొహం మాడ్చుకోలేదు. టెరెన్స్ లేని లోటు తెలిసి ఆట ఓడిపోయాం. అయినా ఆ రోజు ఊరు తలెత్తుకునే ఇంటికి నడిచింది.

ఆదివారం పొద్దున ఎనెయిదా అందరికంటే ముందు నెఫ్తలికి కాఫీ పోసింది. పొగలు కక్కుతున్న కాఫీ. అతను ఊదుకుంటూ తాగి, "కాస్త ఎక్కువ కాలింది," అన్నాడు. "నీకేది ఇచ్చినా తప్పేనా," అని తిట్టిందావిడ, సంతోషంగా. రొట్టెలు కట్టించుకుని అతనూ ఎలియుద్ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు.

టెరెన్స్ కాలు కట్టుతో దిండ్ల మీద ఉంది. రేపు కోసి కుడతారట. ఎలియుద్‌ని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నాకు తగిలింది," అన్నాడు.

"నాకూ తగిలింది," అన్నాడు ఎలియుద్. నెఫ్తలిని చూపించి, "ఏడాది పాటు వీడే అనుకున్నాను."

టెరెన్స్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మరి ఎవరు?"

"ఎవరూ లేరు. అది అలాగే తెగుతుంది."

టెరెన్స్ దిండ్ల మీదున్న తన కాలి వైపు చూశాడు. తర్వాత, చిన్నపిల్లాడు అడిగినట్టు, "మళ్ళీ ఆడతానా?" అన్నాడు.

ఎలియుద్ చేతిలో రొట్టెలు నెఫ్తలికి ఇచ్చాడు. మంచం పక్కన బూటు విప్పి, మేజోడు విప్పి, మచ్చ అతనికి కనబడేలా వెనక్కి తిరిగి నిలబడ్డాడు. కుడికాలు మడిచి గాలిలో పెట్టాడు. గోడ పట్టుకోలేదు, చిటికెనవేలు కూడా ఆనించలేదు. ఎడమ మడమ నెమ్మదిగా నేలని వదిలింది. అంత మనిషీ ఆ అతుకు మీద పైకి లేచి, అక్కడే నిలబడ్డాడు, టెరెన్స్ చూసినంతసేపూ.

ఇది రాసింది డోన్ సెనోన్ భార్య హెనోవేవా, వయసు డెబ్బై నాలుగు. ఆయన పోయాక పోన్సె పట్నంలో కూతురి దగ్గర ఉంటున్నాను. పెద్దడప్పు కూడా నా దగ్గరే ఉంది, గోడకి తగిలించాను, తోలు బయటికి కనబడేలా.